కొత్త ఉత్పత్తి: ఆలోచన నుంచి మార్కెట్ దాకా ఏ పని ముందు, ఏ పని తర్వాత

కొత్త వస్తువును తయారుచేసి మార్కెట్లోకి ఎలా తేవాలని పాఠకులు పదేపదే అడుగుతున్నారు. ఎక్కువ ప్రశ్నలు విడుదల గురించే: ప్రచారం ఎంత చేయాలి, ఎవరి ద్వారా అమ్మాలి, ధర ఎంత పెట్టాలి. ఉత్పత్తులు దెబ్బతినేది మాత్రం చాలాసార్లు అక్కడ కాదు. ముందే తేల్చుకోవలసిన సంగతిని తర్వాతకు నెట్టిన చోట దెబ్బతింటాయి.

కాగితం మీద ఒక కొలతను మార్చడానికి నిమిషం చాలు. నమూనాలో మార్చడానికి కొన్ని రోజులు పడుతుంది. ఉక్కు మౌల్డ్ (ప్లాస్టిక్ భాగాలు పోసే అచ్చు) తయారయ్యాక మార్చాలంటే వారాలు, భారీ ఖర్చు. వస్తువు కొన్నవాళ్ల చేతికి చేరాక మార్చాలంటే అన్నీ వెనక్కి తెప్పించుకోవాలి. అందుకే ఏ విషయంలో మీకు నమ్మకం తక్కువో, ఏది తప్పితే మొత్తం కూలిపోతుందో దాన్నే ముందుగా, తక్కువ ఖర్చుతో తేల్చుకోవాలి. కింది అడుగుల వరుస మొత్తం ఈ సూత్రం మీదే నిలబడింది.

చెప్పేది గాలిలో ఉండకుండా ఒక ఉదాహరణ తీసుకుందాం. మందులు నిల్వచేసే గోదాముల్లో ఉష్ణోగ్రతను, తేమను నమోదుచేసే చిన్న పరికరాన్ని ఒక కంపెనీ తేవాలనుకుంటోంది. అవసరమైన చోటల్లా దాని దగ్గరికే వద్దాం.

1. పని మొదలుపెట్టే ముందు

మొదట ఒక మనిషిని బాధ్యుడిగా పెట్టండి. కమిటీని కాదు, ఒక్క మనిషిని. టయోటాలో ప్రతి కొత్త కారుకూ ఒక చీఫ్ ఇంజినీర్ ఉంటారు. ఇంజిన్ విభాగం, బాడీ విభాగం ఆయన కింద పనిచేయవు. అయినా ఆలోచన దశ నుంచి అమ్మకాల దాకా ఆ కారుకు జవాబుదారీ ఆయనే. అలాంటి మనిషి లేని కంపెనీలో డిజైన్ వాళ్లు తయారీ వాళ్లను, తయారీ వాళ్లు అమ్మకాల వాళ్లను వేలెత్తి చూపుతూ నెలలు గడిపేస్తారు.

రెండోది డబ్బు. బడ్జెట్ అంతా ఒకేసారి మంజూరు చేయకండి. దశలుగా విడగొట్టండి. ఒక్కో దశ చివర ఒక్కో గేటు పెట్టండి. రాబర్ట్ కూపర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన స్టేజ్-గేట్ పద్ధతి సారం ఇదే. గేటు దగ్గర నాలుగే నిర్ణయాలు ఉంటాయి: ముందుకు వెళ్లడం, ఆపేయడం, కొంతకాలం పక్కన పెట్టడం, వెనక్కి పంపి మళ్లీ చేయించడం.

గేటు షరతులను దశ మొదలవకముందే రాసుకోవాలి. నేను మొండిగా పట్టుబట్టే విషయం ఇది. ఫలితాలు వచ్చాక షరతులు రాస్తే, వచ్చిన ఫలితాలకు సరిపోయేలా రాసుకుంటాం. ఎంతో శ్రమపడ్డ జట్టును ఆపమనడానికి అందరికీ మొహమాటమే. ముందే రాసుకున్న కాగితం ఉంటే ఆ మొహమాటం పక్కకు తప్పుకుంటుంది.

చెక్‌లిస్ట్:
☐ తుది నిర్ణయం ఎవరిదో పేరుతో సహా రాశాం
☐ డిజైన్, తయారీ, కొనుగోళ్లు, అమ్మకాలు, సర్వీస్ విభాగాల నుంచి ఒక్కొక్కరు మొదటి రోజు నుంచే జట్టులో ఉన్నారు
☐ మొదటి గేటు తేదీ, షరతులు రాసి ఉన్నాయి
☐ ఆపేసేటంత వరకూ ఎంత పోయినా భరించగలమో తెలుసు

2. సమస్యను చూసి రావడం

ఈ అడుగుకు ఎంత సమయం ఇస్తే అంత మంచిది. చాలామంది దీన్ని ఒక ఆన్‌లైన్ సర్వేతో ముగించేస్తారు. “ఇలాంటి పరికరం వస్తే కొంటారా?” అని అడిగితే ఎవరైనా మర్యాదకు కొంటామనే అంటారు. ఆ మాట మీద ఫ్యాక్టరీ పెట్టలేం.

భవిష్యత్తు గురించి కాకుండా జరిగిపోయిన దాని గురించి అడగండి:
– ఈ ఇబ్బంది ఆఖరిసారి ఎప్పుడు వచ్చింది? ఆ రోజు ఏం జరిగింది?
– అప్పుడు మీరేం చేశారు? దానికి ఎంత సమయం, ఎంత డబ్బు పట్టింది?
– పరిష్కారం కోసం ఇంతకుముందు ఏమైనా కొన్నారా? కొంటే ఎందుకు వాడటం మానేశారు?
– ఇది కొనాలంటే ఎవరు సంతకం పెట్టాలి?

మాటలతో ఆగకుండా పని జరుగుతున్నప్పుడు పక్కన నిలబడి చూడండి. మన ఉదాహరణలో గోదాము గోడకు ఒక థర్మామీటర్ వేలాడుతుంది. పక్కనే రిజిస్టర్. ప్రతి నాలుగు గంటలకూ ఒకసారి రాయాలి. పేజీని దగ్గరగా చూస్తే రాత్రి పన్నెండుకు, తెల్లవారుజామున నాలుగుకు, ఉదయం ఎనిమిదికి రాసిన అంకెలన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు. ఉదయం వచ్చిన మనిషి మూడూ కలిపి రాసేశాడని తెలిసిపోతుంది. ఆ పేజీ ఒక్కటి వంద సర్వే ఫారాల కంటే ఎక్కువ చెబుతుంది. కొలవడానికి పరికరం లేక కాదు వాళ్ల ఇబ్బంది. ఎవరూ లేనప్పుడు ఏం జరిగిందో తెలియదు, తనిఖీకి వచ్చినవాళ్లకు చూపడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. అసలు సమస్య అది. దీంతో తయారుచేయవలసిన వస్తువే మారిపోతుంది: పెద్ద డిస్‌ప్లే అవసరం లేదు, చెరిపివేయలేని రికార్డు కావాలి.

వాడేవాళ్లు, డబ్బు చెల్లించేవాళ్లు, నిర్ణయించేవాళ్లు, అడ్డుపడగలిగేవాళ్లు చాలాసార్లు వేర్వేరు మనుషులు. నలుగురితోనూ మాట్లాడాలి. గోదాము ఉద్యోగికి పరికరం నచ్చవచ్చు. కంపెనీ నెట్‌వర్క్‌లో కొత్త పరికరాన్ని చేర్చడానికి ఐటీ విభాగం ఒప్పుకోకపోతే అమ్మకం అక్కడితో సరి.

ఎంతమందితో మాట్లాడాలి? కొత్త సంగతులు రావడం ఆగేదాకా. వరుసగా కొన్ని ఇంటర్వ్యూల్లో విన్నవే మళ్లీ వినిపిస్తుంటే ఆ వర్గం వరకు సరిపోయినట్టే. ఇంకో వర్గానికి వెళ్లండి.

తరచూ జరిగే తప్పులు, వాటికి విరుగుడు:
– స్నేహితులను, బంధువులను అడగడం. వాళ్లు మిమ్మల్ని నొప్పించరు. మీరెవరో తెలియనివాళ్లను అడగండి.
– మొదటి ఐదు నిమిషాల్లోనే మీ ఆలోచనను చెప్పేయడం. ఆ తర్వాత సంభాషణంతా మీ ఆలోచన గురించే సాగుతుంది. చివరిదాకా దాచండి.
– అందరి జవాబులనూ కలిపి సగటు తీయడం. సగటు మనిషి ఎక్కడా ఉండడు. బాధ ఎక్కువగా ఉన్న ఒక చిన్న గుంపును గుర్తించి, మొదటి ఉత్పత్తి వాళ్ల కోసమే చేయండి.

3. ఒక పేజీ పత్రం

ఇంజినీర్లు పని మొదలుపెట్టేలోపు ఒక్క పేజీ రాయండి. అమెజాన్‌లో కొత్త ఉత్పత్తికి ముందుగా విడుదల రోజున ఇచ్చే పత్రికా ప్రకటనను రాస్తారు, దానికి ప్రశ్నోత్తరాలు జతచేస్తారు. ప్రకటన చదివితేనే ఉత్సాహం కలగకపోతే వస్తువు తయారుచేసినా కలగదు.

పేజీలో ఉండవలసినవి: ఎవరి కోసం, ఏ సమస్య, ఇప్పుడు వాళ్లు ఏం వాడుతున్నారు, దానికంటే మనది ఏ విషయంలో మెరుగు, ధర ఏ స్థాయిలో. వీటికి తోడు తప్పనిసరిగా “ఈ ఉత్పత్తి చేయనివి” అనే జాబితా. మన పరికరం ఉష్ణోగ్రతను నియంత్రించదు, వీడియో తీయదు, లారీల్లో ప్రయాణానికి పనికిరాదు. ఈ జాబితా లేకపోతే నెలకో కొత్త ఫీచర్ వచ్చి చేరుతుంది.

4. ప్రమాదకరమైన ఊహలను పరీక్షించడం

పేజీలో రాసిన ప్రతి వాక్యం వెనకా ఒక ఊహ ఉంటుంది. వాటన్నిటినీ బయటకు తీసి రాయండి. ప్రతిదానికీ రెండు ప్రశ్నలు: ఇది తప్పైతే ఎంత నష్టం? ఇది నిజమని మన దగ్గర ఎంత ఆధారం ఉంది? నష్టం ఎక్కువ, ఆధారం తక్కువ ఉన్నవి పైకి వస్తాయి. పైనున్న మూడింటినే ముందు పరీక్షించండి. సులువుగా ఉంటాయి కదా అని కింది వాటితో మొదలుపెట్టే అలవాటు చాలా జట్లలో ఉంది. వారం వారం పని జరుగుతున్నట్టే కనిపిస్తుంది, అసలు ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది.

పరీక్షకు అసలు వస్తువు అక్కర్లేదు. పామ్ పైలట్ అనే చేతి కంప్యూటర్‌ను రూపొందించిన జెఫ్ హాకిన్స్ చొక్కా జేబులో పట్టే చెక్కముక్కను చేయించుకుని వెంట తిప్పుకున్నారు. ఎవరైనా సమావేశం పెడదామంటే జేబులోంచి తీసి దాని మీద రాస్తున్నట్టు నటించేవారు. అంత పరికరాన్ని మనిషి రోజూ మోస్తాడా, ఎప్పుడెప్పుడు బయటకు తీస్తాడు అనే ప్రశ్నకు ఎలక్ట్రానిక్స్ ఏమీ లేకుండానే జవాబు దొరికింది. ఆన్‌లైన్ చెప్పుల దుకాణం జాపోస్ మొదలైన 1999లో దాని వ్యవస్థాపకుడు నిక్ స్విన్‌మర్న్ చెప్పుల దుకాణాల్లో ఫొటోలు తీసి వెబ్‌సైట్‌లో పెట్టారు. ఆర్డర్ వస్తే దుకాణానికి వెళ్లి మామూలు ధరకే కొని పంపారు. లాభం లేదు. కానీ చూడకుండా, తొడుక్కోకుండా జనం చెప్పులు కొంటారా అన్నదే అప్పుడు తేలవలసింది.

మన గోదాము పరికరానికి పైనున్న ఊహ: తనిఖీ అధికారులు ఎలక్ట్రానిక్ రికార్డును రిజిస్టర్‌కు బదులుగా అంగీకరిస్తారు. దీన్ని తేల్చడానికి బజారులో దొరికే సెన్సర్, ఒక ల్యాప్‌టాప్, ముద్రించిన నివేదిక చాలు. నివేదికను నాణ్యతా విభాగం అధికారి ముందు పెట్టి “దీని మీద సంతకం పెడతారా?” అని అడగండి. ఆయన నీళ్లు నములుతుంటే ఏం లోపించిందో అడిగి తెలుసుకోండి.

ఒక జాగ్రత్త: ఇంకా లేని వస్తువుకు డబ్బు తీసుకుంటే ఆ సంగతి స్పష్టంగా చెప్పండి, ఎప్పుడైనా వెనక్కి ఇచ్చే ఏర్పాటు పెట్టండి. పరీక్ష పేరుతో మోసం చేసిన కంపెనీకి మొదటి కొనుగోలుదారులు మళ్లీ దొరకరు.

మాటకంటే చేతకే విలువ. “బాగుంది” అన్న పొగడ్తకు విలువ లేదు. ఈమెయిల్ ఇవ్వడానికి కొంచెం, అరపూట సమయం ఇచ్చి వాడి చూడటానికి ఇంకొంచెం, అడ్వాన్స్ చెల్లించడానికి చాలా ఎక్కువ విలువ ఉంది.

5. లెక్కను వెనక నుంచి వేయడం

తయారీ ఖర్చు తీసి, దాని మీద కొంత శాతం కలిపి ధర పెట్టడం అందరూ చేసే పని. మీ ఖర్చు ఎంతో కొనేవాడికి అనవసరం. అతను ఎంత ఇవ్వగలడో దాని దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి.

ధర 100 అనుకుందాం. పన్ను వాటా 15 పోతే 85. దుకాణదారు మార్జిన్ 25 పోతే 60. డిస్ట్రిబ్యూటర్‌కు 8 పోతే 52. రవాణా, ప్యాకింగ్ 6 పోతే 46. వారంటీ, వెనక్కి వచ్చే సరుకు 4 పోతే 42. జీతాలు, ప్రచారం, అభివృద్ధి ఖర్చు, లాభం అన్నిటికీ కలిపి 18 కావాలంటే తయారీకి మిగిలేది 24. విడిభాగాల ఖర్చే 40 అవుతుంటే ఆ ధరకు ఆ ఉత్పత్తి లేనట్టే లెక్క. ఈ అంకెలు లెక్క పద్ధతి చూపడానికే, మీ రంగంలో వాటాలు వేరుగా ఉంటాయి. కానీ వరుస ఇదే. డిజైన్ మొదలయ్యే ముందే ఈ లెక్క వేస్తే ఇంజినీర్లకు ఖర్చు పరిమితి దొరుకుతుంది.

ధరను అంచనా వేయడానికి 1976లో పీటర్ వాన్ వెస్టెన్‌డార్ప్ ప్రతిపాదించిన నాలుగు ప్రశ్నలు ఇప్పటికీ పనికొస్తాయి. ఏ ధర దగ్గర ఇది మరీ ఖరీదై కొనరు? ఏ ధర దగ్గర ఖరీదే కానీ ఆలోచిస్తారు? ఏ ధర దగ్గర మంచి బేరం అనిపిస్తుంది? ఏ ధర దగ్గర ఇంత చవకా అని నాణ్యత మీద అనుమానం వస్తుంది? జవాబులను గ్రాఫ్ మీద పెడితే ఒప్పుకోదగ్గ ధరల పరిధి కనిపిస్తుంది. అది పరిధి మాత్రమే. తుది ధరను నిజమైన అమ్మకంతోనే ఖాయం చేసుకోవాలి.

తరచూ మరిచిపోయే ఖర్చులు: మౌల్డ్‌లు, టెస్టింగ్ ఫిక్స్‌చర్లు (పరీక్షించేటప్పుడు వస్తువును పట్టి ఉంచే అమరికలు), సర్టిఫికేషన్ ఫీజులు, మొదటి బ్యాచ్‌లో పాడయ్యే ముక్కలు, గోదాము అద్దె, డీలర్లు డబ్బు చెల్లించేదాకా మీ చేతి నుంచి పెట్టవలసిన పెట్టుబడి. లాభంలో ఉన్న ఉత్పత్తి కూడా ఈ ఆఖరి దాని వల్ల కంపెనీని ముంచగలదు.

6. అవసరాలను కొలవగలిగేలా రాయడం

“గట్టిగా ఉండాలి” అని రాస్తే ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు. “1.2 మీటర్ల ఎత్తు నుంచి కాంక్రీటు మీద ఆరు వైపులా ఒక్కోసారి పడేసినా రికార్డు చెదరకూడదు” అని రాస్తే డిజైనర్‌కు, పరీక్షించేవారికి, సప్లయర్‌కు ఒకటే అర్థం. ప్రతి అవసరం పక్కనా అది నెరవేరిందని ఎలా తేలుస్తారో రాయండి. పరీక్ష రాయలేకపోతే అది ఇంకా అవసరంగా మారలేదు, ఆశగానే ఉంది.

ఏది ఉండాలి, ఏది అక్కర్లేదు అనే వాదనలకు నోరియాకి కానో 1984లో చెప్పిన విభజన మంచి ఆసరా. కొన్ని గుణాలు లేకపోతే కోపం వస్తుంది, ఉంటే ఎవరూ గమనించరు: మన పరికరంలో గడియారం సరిగ్గా నడవడం అలాంటిది. కొన్ని ఎంత పెరిగితే అంత సంతోషం: బ్యాటరీ మన్నిక. కొన్ని ఎవరూ అడగరు, ఇస్తే మురిసిపోతారు: తనిఖీ నివేదిక దానంతటదే తయారుకావడం. మొదటి రకాన్ని పూర్తిచేయకుండా మూడో రకం మీద ఖర్చు పెట్టకండి.

జాబితా ఒకసారి ఖాయమయ్యాక తేదీ వేసి మూసేయండి. ఆ తర్వాత ఏదైనా చేర్చాలంటే ఖర్చు, ఆలస్యం ఎంతో రాసి బాధ్యుడి సంతకంతోనే చేర్చాలి.

7. నమూనాలు, పరీక్షలు

నమూనా చేసే ముందు అది ఏ ప్రశ్నకు జవాబో ఒక వాక్యంలో రాయండి. రూపం తెలుసుకోవడానికి ఒకటి, పనితీరు తెలుసుకోవడానికి ఇంకొకటి వేర్వేరుగా చేయడం చవక, వేగం. రెండూ మొదటి నమూనాలోనే కలపాలని చూసేవాళ్లు రెండూ ఆలస్యం చేసుకుంటారు.

సంచి లేని వాక్యూమ్ క్లీనర్ కోసం జేమ్స్ డైసన్ 5,127 నమూనాలు చేశారు. ఆ అంకెను పట్టుదలకు గుర్తుగా చెబుతుంటారు. నాకు విలువైనదిగా తోచేది ఆయన పద్ధతి: ఒక్కసారికి ఒక్క మార్పు. రెండు మార్పులు కలిపి చేస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు.

ఎలక్ట్రానిక్ వస్తువులకు తర్వాతి మూడు దశలను పరిశ్రమలో ఈవీటీ, డీవీటీ, పీవీటీ అంటారు. మొదటిది ఇంజినీరింగ్ పనిచేస్తోందా అని చూడటం. రెండోది తుది డిజైన్, తుది పదార్థాలతో అన్ని అవసరాలూ నెరవేరుతున్నాయా అని. మూడోది అసలు ఉత్పత్తి లైన్ మీద, అసలు కార్మికుల చేతులతో అదే నాణ్యత వస్తుందా అని. ఏదైనా ఒకటి దాటవేసి సమయం మిగిల్చామనుకునేవాళ్లు తర్వాత దానికి రెట్టింపు చెల్లిస్తారు.

పరీక్షల్లో ఏది ముందో తేల్చడానికి ఎఫ్ఎంఈఏ (వైఫల్యాలు, వాటి ప్రభావాల విశ్లేషణ) వేయండి. వస్తువు విఫలమయ్యే ప్రతి మార్గానికీ మూడు అంకెలు, 1 నుంచి 10 దాకా: ఎంత తీవ్రం, ఎంత తరచుగా జరగవచ్చు, బయటకు వెళ్లేలోపు పట్టుకోవడం ఎంత కష్టం. మూడింటినీ గుణిస్తే ప్రాధాన్యం వస్తుంది. అయితే తీవ్రత 9, 10 ఉన్నవాటిని గుణకారంతో నిమిత్తం లేకుండా విడిగా చూడండి. మనిషికి గాయం చేసే లోపం అరుదైనదైనా సరే, జాబితా అడుగున ఉండకూడదు.

2016లో గెలాక్సీ నోట్ 7 విషయంలో జరిగింది ప్రతి జట్టూ తెలుసుకోవాలి. బ్యాటరీలకు మంటలంటుకుంటున్నాయని సామ్‌సంగ్ ఫోన్లను వెనక్కి తెప్పించింది, వేరే సప్లయర్ బ్యాటరీలతో కొత్తవి ఇచ్చింది. అవీ కాలాయి. ఉత్పత్తినే ఆపేయవలసి వచ్చింది. 2017 జనవరిలో కంపెనీ ప్రకటించిన విచారణ ఫలితం ప్రకారం రెండు సప్లయర్ల బ్యాటరీల్లో లోపాలు వేర్వేరు: ఒకదానిలో మూల దగ్గర ఎలక్ట్రోడ్ వంగింది, ఇంకోదానిలో వెల్డింగ్ దగ్గర లోహపు మొనలు మిగిలాయి. సప్లయర్‌ను మార్చారంటే ఆ విడిభాగానికి పరీక్షలన్నీ మొదటి నుంచి. తొందర ఎంత ఉంటే ఈ నియమం అంత అవసరం.

ఇంకో చిన్న విషయం. అన్ని జట్లూ ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే వెర్షన్ వాడాలి. ఎయిర్‌బస్ ఏ380 విమానానికి జర్మనీ, ఫ్రాన్స్ జట్లు డిజైన్ సాఫ్ట్‌వేర్ వేర్వేరు వెర్షన్లు వాడటం వల్ల వైర్లు అమర్చేటప్పుడు పొడవు సరిపోలేదు. 2006లో బయటపడ్డ పెద్ద జాప్యానికి అదొక ముఖ్య కారణం.

చెక్‌లిస్ట్:
☐ ప్రతి నమూనాకూ ఒక ప్రశ్న, ఒక జవాబు రాసి ఉన్నాయి
☐ వాడే మనుషులు మా సాయం లేకుండా నమూనాను వాడగా చూశాం
☐ పగిలేదాకా, కాలేదాకా, ఆగిపోయేదాకా కొన్నిటిని పరీక్షించాం
☐ తీవ్రత ఎక్కువ ఉన్న లోపాలన్నిటికీ డిజైన్‌లోనే విరుగుడు ఉంది

8. పేటెంట్, అనుమతులు

ఇది డిజైన్ తర్వాత వచ్చే అడుగు కాదు, దానితో పాటే నడవాలి. బహిరంగంగా చూపకముందే పేటెంట్ దరఖాస్తు వేయండి. ప్రదర్శనలో పెట్టినా, వీడియో విడుదల చేసినా చాలా దేశాల్లో కొత్తదనం పోయినట్టే లెక్కిస్తారు. మొదటి దరఖాస్తు తర్వాత పారిస్ ఒప్పందం కింద మిగతా సభ్య దేశాల్లో వేయడానికి 12 నెలలు ఉంటాయి. పీసీటీ (పేటెంట్ సహకార ఒప్పందం) మార్గంలో చాలా దేశాలకు మొదటి తేదీ నుంచి 30 నెలలు దొరుకుతాయి. ఇతరుల పేటెంట్లను మీరు ఉల్లంఘించడం లేదని చూసుకోవడం వేరే పని. మీకు పేటెంట్ వచ్చినంత మాత్రాన అమ్మే హక్కు వచ్చినట్టు కాదు.

లిథియం బ్యాటరీ ఉంటే రవాణాకు యూఎన్ 38.3 పరీక్షలు తప్పవు. ఐరోపాలో అమ్మే చాలా రకాల వస్తువులకు సీఈ గుర్తు కావాలి. వైర్‌లెస్ ఉంటే చాలా దేశాల్లో రేడియో అనుమతి అవసరమవుతుంది. ముందే అనుమతి పొందిన రేడియో మాడ్యూల్ వాడితే ఈ పని చాలావరకు తగ్గుతుంది. డీవీటీకి ముందే ల్యాబ్‌లో ముందస్తు పరీక్ష చేయించుకోండి. అసలు పరీక్షలో ఫెయిలైతే బోర్డు మళ్లీ డిజైన్ చేయాలి.

9. తయారీకి సిద్ధం కావడం

తయారీదారును డిజైన్ పూర్తయ్యాక కాదు, సగంలో ఉండగానే పిలవండి. గోడ మందం, మూలల గుండ్రం, స్క్రూల సంఖ్య చూసి ఆయన చెప్పే మార్పులు ఖర్చును ఎంతో తగ్గిస్తాయి. స్క్రూలు నాలుగు రకాల నుంచి ఒక రకానికి తెస్తే లైన్ మీద తప్పులూ తగ్గుతాయి.

ఉక్కు మౌల్డ్ తయారీకి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ప్లాన్‌లో ఎక్కువ కాలం పట్టే పనులను ముందు గుర్తించి, విడుదల తేదీని వాటి నుంచి లెక్కించండి. తేదీ ముందు ప్రకటించి పనిని దానిలో ఇరికించకండి.

లోపం లేని ముక్కల శాతాన్ని ఒక్కో స్టేషన్‌లో చూస్తే మోసపోతాం. ఒక్కో స్టేషన్‌లో 95 శాతం అంటే బాగానే ఉన్నట్టుంటుంది. అలాంటివి ఐదు వరుసగా ఉంటే చివరికి ఒక్కసారికే సరిగ్గా వచ్చేవి దాదాపు 77 శాతం, పది ఉంటే 60 శాతం. మిగిలినవన్నీ మళ్లీ విప్పి సరిచేయాలి, లేదా పారేయాలి. పైలట్ రన్ (పెద్ద ఉత్పత్తికి ముందు చేసే చిన్న ట్రయల్ బ్యాచ్) చేసేది ఈ అంకె కోసమే. అది షరతుకు చేరేదాకా పెద్ద ఆర్డర్ ఇవ్వకండి.

చెక్‌లిస్ట్:
☐ రెండు వైపులా సంతకాలు చేసి సీలు వేసిన ఆమోదిత నమూనా మా దగ్గర ఒకటి, ఫ్యాక్టరీలో ఒకటి ఉన్నాయి
☐ ఎన్ని ముక్కలు తనిఖీ చేయాలో, ఎన్ని లోపాలుంటే బ్యాచ్‌ను తిరస్కరించాలో ఒప్పందంలో ఉంది (ఐఎస్ఓ 2859 పట్టికలు దీనికి పనికొస్తాయి)
☐ మౌల్డ్‌లు ఎవరి ఆస్తి అన్నది రాతపూర్వకంగా ఉంది
☐ ఒకే చోట దొరికే విడిభాగాల జాబితా, వాటికి ప్రత్యామ్నాయాలు రాశాం

10. చిన్న మార్కెట్లో ముందుగా

దేశమంతా ఒకేసారి విడుదల చేయకండి. ఒక ప్రాంతం, ఒక రకం కొనుగోలుదారులు, పరిమిత సరుకు. ఏం కొలుస్తున్నామన్నది ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం.

3ఎం కంపెనీ 1977లో నాలుగు నగరాల్లో అంటించి తీయగలిగే కాగితాలను అమ్మకానికి పెడితే ఆదరణ అంతంతమాత్రం. మరుసటి ఏడాది అమెరికాలోని బోయిసీ నగరంలో కార్యాలయాలకు ఉచితంగా పంచారు. వాడి చూసినవాళ్లలో 90 శాతానికి పైగా కొంటామన్నారు. 1980లో పోస్ట్-ఇట్ పేరుతో దేశమంతా విడుదలైంది. వస్తువు అదే. చేతిలో పెట్టి వాడించకపోతే దాని ఉపయోగం అర్థం కాదు, మొదటి పరీక్షలో ఆ అవకాశమే లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ 1985లో కోకాకోలా కొత్త రుచి. దాదాపు 2 లక్షల మందితో రుచి పరీక్షలు చేశారు, కొత్తదే నెగ్గింది. పాతది మార్కెట్లోంచి పోతే ఎలా ఉంటుందన్న ప్రశ్నకు తగిన బరువు ఇవ్వలేదు. 79 రోజుల్లో పాతదాన్ని మళ్లీ తేవలసి వచ్చింది. కాబట్టి పరీక్షలో కొనేవాళ్ల ముందున్న పరిస్థితి, విడుదల తర్వాత ఉండే పరిస్థితి ఒకటేనా అని సరిచూసుకోండి.

11. విడుదల

ముందటి అడుగులు సరిగ్గా పడితే ఇక్కడ చెప్పవలసింది తక్కువే. ఎవరి కోసం, దేనికి బదులుగా, ఎందుకు మెరుగు అన్నది ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. డీలరు ఆ వాక్యాన్ని మీరు లేనప్పుడు కూడా అదే అర్థంతో చెప్పగలగాలి. రెండో అడుగులో కొనుగోలుదారులు తమ సమస్యను ఏ మాటల్లో చెప్పారో ప్రచారంలో ఆ మాటలే వాడండి.

చెక్‌లిస్ట్:
☐ సరుకు గోదాములో ఉంది, దారిలో లేదు
☐ సర్వీస్ సిబ్బంది పరికరాన్ని తామే విప్పి బిగించారు
☐ వాడకం సూచనలను కొత్త మనిషితో చదివించి, ఆగిపోయిన చోట తిరగరాశాం
☐ వెనక్కి ఇవ్వడం, మార్పిడి, వారంటీ నియమాలు రాసి ఉన్నాయి
☐ లోపం బయటపడితే అమ్మకం ఆపే అధికారం ఎవరిదో అందరికీ తెలుసు
☐ సీరియల్ నంబర్ చూసి ఏ బ్యాచ్‌లో, ఏ రోజు తయారైందో చెప్పగలం

12. మొదటి మూడు నెలలు

డీలర్లకు పంపిన సరుకును అమ్మకంగా లెక్కించకండి. వాళ్ల అల్మారాల్లోంచి కొనుగోలుదారుల చేతికి వెళ్లిందే అమ్మకం. డీలర్లకు పంపిన అంకె చూసి రెండో బ్యాచ్ ఆర్డర్ ఇచ్చిన కంపెనీలు తర్వాత ఆ సరుకంతా తగ్గింపు ధరకు వదిలించుకుంటాయి.

వారం వారం చూడవలసినవి: నిజమైన అమ్మకం, వెనక్కి వచ్చినవి, సర్వీస్‌కు వచ్చిన కాల్స్‌లో మొదటి మూడు కారణాలు, కొన్నవాళ్లలో ఇంకా వాడుతున్నవాళ్లు, మళ్లీ కొన్నవాళ్లు.

లక్షణాన్ని బట్టి ఎక్కడికి వెనక్కి వెళ్లాలి (చివరి అంకెలు పై అడుగులవి):
– చూస్తున్నారు, కొనడం లేదు: ధర లేదా చెప్పే విధానం. 5, 11.
– కొన్నారు, వెనక్కి ఇస్తున్నారు: ప్రచారంలో చెప్పిందీ వస్తువు చేసేదీ వేరు, లేదా తయారీ లోపం. 6, 9.
– ఉంచుకున్నారు, వాడటం లేదు: సమస్య అంత పెద్దది కాదు. 2.
– వాడుతున్నారు, ఇంకొకరికి చెప్పడం లేదు: వర్గం సరైనదేనా చూడండి. 2, 10.

వెనక్కి వచ్చిన ప్రతి ముక్కనూ మొదటి నెలల్లో విప్పి చూడాలి. “లోపం కనబడలేదు” అని రాసి పక్కన పెట్టినవాటిని ముఖ్యంగా. మన గోదాము పరికరం అలా వెనక్కి వస్తే, అది బాగానే పనిచేస్తూ, శీతల గదిలో వైర్‌లెస్ సంకేతం అందక రికార్డు పంపలేకపోయి ఉండవచ్చు. ల్యాబ్ బల్ల మీద ఆ లోపం ఎన్నటికీ కనిపించదు. కొన్న చోటికి వెళ్లి చూడాలి.

మూడు నెలల తర్వాత ఆఖరి గేటు. ఆపాలని తేలితే కొన్నవాళ్లను గాలికి వదలకండి: ఎప్పటిదాకా సర్వీస్ ఇస్తారో తేదీతో చెప్పండి, విడిభాగాలు అంతకాలానికి నిల్వ ఉంచండి, సర్వర్‌లో ఉన్న వాళ్ల రికార్డులను దించుకునే వీలు, తగినంత గడువు ఇవ్వండి.